కార్డు మీద మాట

ఆవు దగ్గరికి వెళ్ళేలోపే దుప్పటి ఉతికెయ్యాలని ఆ పొద్దున త్వరగా లేచాను. మార్చి వచ్చినా మా కొండల్లో వీధి కుళాయికి మంచు వదల్లేదు. గొడ్డలి వెనక వైపుతో కొట్టి పగలగొట్టి, రెండు బకెట్లు పట్టుకొచ్చి, పశువుల కొట్టం వెనక కూర్చున్నాను. రక్తం మరక వేడినీళ్ళలో ఉతక్కూడదు, వేడి తగిలితే అది బట్టని పట్టుకుని ఇక వదలదు. ఈ ముక్క పన్నెండేళ్ళప్పుడు మా అమ్మ చెప్పింది. ఆడదాని ఒంటి గురించి ఆవిడ నాకు చెప్పింది అదొక్కటే. కాబట్టి చన్నీళ్ళే. వేళ్ళు ఎర్రబడ్డాయి, తెల్లబడ్డాయి, ఆ తర్వాత నావి కానట్టు మొద్దుబారిపోయాయి. మరక నా అరచేయంత ఉంది. పోయిన వారం కోటు బొత్తామంత ఉండేది. ముప్ఫై ఏళ్ళుగా నర్సుని, ఇలాంటివి కొలవకుండా ఉండలేను.

"ఏమే రైకాన్, పాలు పితక్కుండా పొద్దున్నే ఈ గుడ్డలేమిటే?"

మా అత్తగారు కలిమా, పెద్దావిడ కాబట్టి అపా అంటాను. డెబ్భై ఎనిమిదేళ్ళు. చెవులు సగమే పనిచేస్తాయి గాని, కళ్ళు మాత్రం ఎదుటి కొండ మీద గొర్రెని చూసి అది ఎవరి మందదో చెప్పేస్తాయి. నేను దుప్పటిని గబుక్కున నీళ్ళలోకి నొక్కేశాను.

"టీ ఒలికింది అపా."

"మంచంలోనా?"

"మీ అబ్బాయే ఒలకబోశాడు."

"వాడు పుట్టినప్పటినుంచీ అంతే, వాడి చేతిలో ఏదీ నిలవదు," అని నవ్వబోయి ఆగిపోయింది. అప్పుడు చూశాను, ఆవిడ బయటికి వెళ్ళేటప్పుడు కట్టుకునే తలగుడ్డ కట్టుకుని ఉంది. "బురుల్ పోయిందే. తెల్లవారుజామున. కూతురు కబురంపింది. పద పద, పాలు పితికి రా, నూనెలో వేయించే బూర్సోక్‌లకి పిండి కలపాలి. చావింటికి ఒట్టి చేతుల్తో ఎలా వెళ్తాం?"

నా చేతులు ఇంకా బకెట్లోనే ఉన్నాయి. నీళ్ళు గులాబీ రంగుకి తిరిగాయి. బురుల్ మా ఆయనకి పెదనాన్న కూతురు, నాకు ఆడపడుచు వరస. నా పెళ్ళిలో నా తలకి తెల్లగుడ్డ కట్టింది ఆవిడే. అలాంటి మనిషి పోయిందని వినగానే నాకు ముందు కలిగింది దుఃఖం కాదు, భయం. అరికాళ్ళ నుంచి పైకి ఒట్టి భయం. ఎందుకంటే ఆవిడకి మొదట్లో ఏమైందో నాకు తెలుసు. ఇప్పుడు నా బకెట్లో ఉన్నదే.

మా ఆడవాళ్ళకి ముట్టుకి ఒకటే మాట. ఎతెక్ కిర్ అంటారు, పావడా అంచుకి అంటిన మైల అని. ఇంట్లో వాడేటప్పుడు అది కూడా కుదించి, ఒట్టి కిర్ అనేస్తారు. అది ఆగిపోతే ఆ ఆగడానికి వేరే మాట లేదు, 'శుభ్రపడింది' అంటారు. నేను రెండేళ్ళ కిందట శుభ్రపడ్డాను. ఆ సంగతి చెప్పినప్పుడు మా అత్తగారు నా నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. ఇక రంజాన్‌లో ఒక్క రోజు కూడా తప్పకుండా ఉపవాసం ఉండొచ్చు, పెద్దవాళ్ళ వరసలో కూర్చోవచ్చు. మా ఆయన ఓమూర్‌కి నేను చెప్పలేదు. చెప్పే అవసరం రాలేదు, ఆయన అప్పటికే ఆస్పత్రి మాట ఒకటి నేర్చుకుని నా మీద వాడేస్తున్నాడు. ముట్లుడగడానికి రష్యన్ డాక్టర్లు వాడే మాట, క్లిమాక్స్. పులుసులో ఉప్పెక్కువైతే క్లిమాక్స్. తమ్ముడొచ్చి నెల రోజులు ఇంట్లో తిష్ట వేస్తే, ఎప్పుడెళ్తాడని నేనడిగితే క్లిమాక్స్. "నువ్వు పట్టించుకోకురా, మీ వదినకి క్లిమాక్స్ ఎక్కింది," అని నా ఎదురుగానే అన్నాడు, బయట గాలి వీస్తోందని చెప్పినంత తేలిగ్గా. అన్నదమ్ములిద్దరూ నవ్వుకున్నారు. నేను వాళ్ళ గిన్నెలు తీసి కడిగాను. కడుగుతూ అనుకున్నాను, ఈ మాట ఈ ఇంట్లోకి తెచ్చింది నేనే కదా అని.

జిల్లా ఆస్పత్రిలో, స్త్రీల గదిలో నాది రాసే పని. డాక్టరు ఎర్కిన్ కదిరోవిచ్ చెప్తాడు, నేను కార్డు మీద రాస్తాను. ఆయన చెడ్డవాడు కాదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే చెడ్డవాడైతే నాకు ఎంతో సుఖంగా ఉండేది. రోజుకి నలభై మందిని చూస్తాడు. కష్టమైన కాన్పుకి తిండీ నిద్రా మానేసి నిలబడటం నా కళ్ళతో చూశాను. మా జాతివాడే గాని రాజధానిలో రష్యన్ బడిలో చదువుకున్నాడు. మా కొండ ఆడవాళ్ళ మాట ఆయనకి సగమే అర్థమవుతుంది, గుసగుసగా చెప్తే ఆ సగం కూడా పోతుంది. అందుకని వాళ్ళు నాకు చెప్తారు, నేను ఆయనకి చెప్తాను. ఈ దుబాసీ పని నా ఉద్యోగంలో ఎక్కడా రాసి లేదు. ఆయన తెల్లకోటు ఇస్త్రీ చెయ్యడం, పదకొండింటికి టీ పెట్టడం కూడా రాసి లేదు.

నన్ను ఎజే, అంటే అక్కా, అని పిలిచి ఆడవాళ్ళు ఎన్ని చెప్తారో. "వీపు మీద ఎవరో నిప్పులు కుమ్మరించినట్టుంటుంది ఎజే, మరుక్షణం చలేస్తుంది." "తలుపు తాళం వేశానో లేదోనని సగం దారి నుంచి మూడుసార్లు వెనక్కొచ్చాను, నాకు పిచ్చెక్కుతోందా ఎజే?" "ఆయన దగ్గరికొస్తే లోపల గాజుపెంకు గుచ్చుకున్నట్టుంది, ఎవరికి చెప్పుకోను?" ఇదంతా నేను రష్యన్‌లోకి మార్చేసరికి మూడు ముక్కలయ్యేది. ఆయన నోటి నుంచి వచ్చేసరికి ఒక్క ముక్క. "రాయండి. అండాశయాల పని ఆరిపోయే దశ." దీపానికి వాడే మాటే అది, వాళ్ళ పుస్తకాల్లో అలాగే ఉంటుంది. ఒకసారి ఒకావిడ ఏం రాశారని అడిగితే, ఆరిపోతోందట అని మా మాటలో చెప్పాను. ఆవిడ ఇంటికెళ్ళి పెట్టెలోంచి, పోయాక తనకి చుట్టడానికి దాచుకున్న కఫన్ గుడ్డ తీసి ఎండలో వేసుకుంది. ఊరు ఊరంతా నెల రోజులు నవ్వుకుంది. నేను కూడా నవ్వాను.

"మందేమైనా ఉందా డాక్టరు గారూ?" అని ఎవరైనా ధైర్యం చేస్తే ఆయన సరదాగానే అనేవాడు, "ఏం మందక్కా? ఇంజనుకి గ్యారంటీ అయిపోయింది. హార్మోన్ బిళ్ళలిస్తే గడ్డం మొలుస్తుందని మీరే పారిపోతారు. మీ అమ్మ ఓర్చుకోలేదా? మీరూ ఓర్చుకోండి." గడ్డం మొలవదని ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. ఆ మందులు ఎవరికి పనికొస్తాయో, ఎవరికి కూడవో ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగి చెప్పాల్సిన సంగతి. నరిన్ పట్నంలో ఒక శిక్షణకి పంపితే ఇదంతా నోటుబుక్కులో రాసుకుని వచ్చాను. నోటుబుక్కు బీరువాలో ఉంది. బయట వరండాలో ఇంకా ముప్ఫై మంది కూర్చుని ఉంటారు. కాబట్టి ఓర్చుకోమని నేను ఇంకొంచెం మెత్తగా చెప్పేదాన్ని, అంతే తేడా.

బురుల్ పోయిన ఏడాది ఏప్రిల్‌లో వచ్చింది. బడిలో వంట చేసేది, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. గదిలోకి రాకముందే నన్ను వరండాలో పక్కకి లాగింది.

"రైకాన్, నాకు మళ్ళీ వచ్చిందే."

"ఏం వచ్చింది ఎజే?"

"అదేనే. కిర్." ఆవిడ మెడ దాకా ఎర్రబడింది. "నాలుగేళ్ళు శుభ్రంగా ఉన్నాను. ఇప్పుడీ ముసలితనంలో ఏం ఖర్మే నాకు? ఎవరికీ చెప్పకు."

లోపల ఆ రోజు వైద్యం చదువుకునే మగపిల్లలిద్దరు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళని చూసి బురుల్ నోరు మూతపడింది. డాక్టరు ఏమిటని అడిగితే నా వంక చూసింది. నేను చెప్పాను, "మళ్ళీ నెలసరి వచ్చిందట." నెలసరి అన్నాను. రక్తం అనలేదు. ఆవిడ కిర్ అంది, కిర్‌కి రష్యన్‌లో నాకు తెలిసిన మర్యాద మాట అదే. నాలుగేళ్ళ తర్వాత వచ్చింది అని కూడా అనలేదు. ఆయన అడగలేదు, నేను అప్పటికే పెన్ను పట్టుకుని రెడీగా ఉన్నాను.

"వయసు?"

"యాభై ఐదు."

"ఆ వయసులో అంతే, వస్తూ పోతూ ఉంటుంది. యౌవనం గుమ్మం దగ్గర నిలబడి మీకు వీడ్కోలు చెప్తోందక్కా!"

మగపిల్లలిద్దరూ నవ్వారు. బురుల్ కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "రాయండి," అన్నాడు ఆయన. "క్లిమాక్స్." రాశాను. నా రాత గుండ్రంగా ఉంటుంది, అందరూ మెచ్చుకుంటారు. వెళ్ళేటప్పుడు బురుల్ సంచిలోంచి గుప్పెడు ఎండు ఆప్రికాట్లు తీసి నా కోటు జేబులో పోసింది. "అమ్మయ్య, ఏమీ లేదన్నాడు," అంది.

ఆకులు రాలే రోజులొచ్చేసరికి ఆవిడ వంట చెయ్యడం మానేసింది. కూతురు చోల్పొన్ రాజధానికి తీసుకెళ్ళింది. ముట్లుడిగిన మనిషికి ఒక్కసారి రక్తం కనపడినా గర్భసంచిలో క్యాన్సరేమోనని వెంటనే లోపల పరీక్ష చెయ్యాలి కదా, మీ ఊళ్ళో ఏం చేస్తున్నారని అక్కడివాళ్ళు ఆ పిల్ల మీద కేకలేశారట. ఇదంతా చోల్పొన్ నాకే చెప్పి ఏడ్చింది, మా ఆస్పత్రిని తిట్టింది. సంతకం డాక్టరుది, ఆ పైన రాత ఎవరిదో పిల్లకి తెలియదు. నేను దాని వీపు నిమిరాను.

అంత తెలిసినదాన్ని, ఐదు వారాల కిందట నాకే రక్తం కనపడినప్పుడు ఏం చేశాను? రెండు రోజులు ఆగి, పదకొండింటి టీ ఇస్తూ, కప్పు వంక చూస్తూ అన్నాను, "ఎర్కిన్ కదిరోవిచ్, నాకు కూడా మళ్ళీ నెలసరి వచ్చినట్టుంది." అదే మాట! పదిహేనేళ్ళుగా పక్కపక్కన కుర్చీల్లో కూర్చుంటున్న మనిషి ముందు ఇంకో మాట నా నోట్లోంచి రాలేదు. "మీరు కూడానా?" అని నవ్వాడు. "ఈ మధ్య టీలో చక్కెర తగ్గినప్పుడే అనుకున్నాను. ఏం పరవాలేదు, వస్తూ పోతూ ఉంటుంది." నేను కూడా నవ్వేసి కార్డులు సర్దుకున్నాను. ఆ రోజు నుంచీ భయం నాతోనే ఇంటికొస్తోంది, నాతోనే పాలు పితుకుతోంది, నాతోనే పిండి కలుపుతోంది.

చావింటికి వెళ్ళేసరికి వాకిట్లో ఉన్ని గుడారం లేచింది. మగవాళ్ళు బయట కర్రల మీద వంగి ఏడుస్తున్నారు, లోపల ఆడవాళ్ళు గోడ వైపు తిరిగి కూర్చుని బురుల్ మంచితనాన్ని పాటగా కట్టి ఏడుస్తున్నారు. నేను నూనె మూకుడు ముందు కూర్చున్నాను. మా ఇళ్ళల్లో చదువుకున్న కోడలైనా, నర్సైనా, చావుకి కోడలి చోటు మూకుడు ముందే. ఖననం మూడో రోజు. ఇంకా దూరాల నుంచి రావాల్సిన వాళ్ళున్నారు. సగం బస్తా పిండి వేయించాక మా అత్తగారు వచ్చి నా చెవిలో అంది, "కడిగేవాళ్ళలో నీ పేరు చెప్పేశాను."

మూకుడు ముందు ఉన్నా నాకు చలి పుట్టింది. చనిపోయిన ఆడమనిషిని చివరిసారి కడగడం పెద్దవాళ్ళ పని. శుభ్రపడ్డవాళ్ళే ముట్టుకోవాలి. వాళ్ళని అందరూ మర్యాదగా చూస్తారు, పోయినావిడ బట్టలు పంచి ఇస్తారు.

"నన్నెందుకు అపా? పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారుగా."

"ఉంటే? మా కోడలు శుభ్రపడి రెండేళ్ళయింది, నర్సు కూడా, చేతులు వణకవు అని చెప్పాను. కడిగేవాళ్ళకి పెద్ద, ఆ శాకిన్ ఎంత సంతోషించిందో! బురుల్ నీ తలకి గుడ్డ కట్టిందే, ఆ రుణం ఎప్పుడు తీర్చుకుంటావ్?"

ఆ రెండు రోజులూ నేను ఎన్ని అబద్ధాలు అల్లుకున్నానో. జ్వరం అందామా? ముట్టుకుని చూస్తారు. ఆస్పత్రి నుంచి కబురొచ్చింది అందామా? ఆస్పత్రి మొత్తం ఈ వాకిట్లోనే ఉంది. పోనీ నోరు మూసుకుని కడిగేస్తే? గుడ్డ మీద గుడ్డ పెట్టుకుంటే ఎవరికి తెలుస్తుంది? తెలిసే మనిషి ఒకతే, ఆమె అక్కడ పడుకుని ఉంది. నిజం చెప్పేద్దామా అనుకున్నప్పుడల్లా ఇంకో వాయి పిండి మూకుట్లో వేసి ఊరుకునేదాన్ని. మైలతో చావింట్లో తిరిగానని తిడతారన్న భయం కాదు అది. పైకి అంటే నిజమైపోతుంది. అననంత కాలం అది టీ మరకే. ఇంటికి బట్టలు మార్చుకోవడానికి వెళ్ళినప్పుడు ఓమూర్ అడిగాడు, "ఏంటలా ఉన్నావ్, మొహం సున్నం కొట్టినట్టు?" చెప్పబోయాను. "సర్లే, మళ్ళీ నీ క్లిమాక్సేనా," అని తానే జవాబు చెప్పేసుకుని బూట్లు తొడుక్కున్నాడు.

మూడో రోజు పొద్దున గుడారంలో తెర కట్టారు. తెర వెనక బురుల్. రెండు పెద్ద గిన్నెల్లో గోరువెచ్చని నీళ్ళు. శాకిన్ అపా అందరికంటే పెద్దది, అప్పటికే చొక్కా చేతులు పైకి మడుచుకుని నడుముకి గుడ్డ బిగించుకుంది. ఆవిడ కాకుండా ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు, మా అత్తగారు. తెర అంచు దగ్గర చోల్పొన్ నీళ్ళ చెంబు పట్టుకుని నిలబడింది. తల్లి మీద మొదటి నీళ్ళు తనే పోస్తానని అడిగిందట.

"రా రా రైకాన్, చొక్కా చేతులు పైకి మడుచుకో," అంది శాకిన్ అపా.

బురుల్ మొహం చూశాను. బాగా చిన్నదైపోయింది.

"నేను కడగలేను అపా."

"ఏం, భయమా? నర్సువి కదే!"

"నేను శుభ్రంగా లేను."

"ఏం మాటలే అవి?" మా అత్తగారు నా మోచెయ్యి పట్టుకుని గుంజింది. "రెండేళ్ళయింది కదే!"

"మళ్ళీ వచ్చింది. ఐదు వారాలైంది."

 శాకిన్ అపా పెదాల మీద నవ్వు కదిలింది. "అయ్యో పిచ్చిదానా, ఇంకా కుర్రదానివేనన్నమాట! ఓమూర్ గాడు అదృష్టవంతుడు." పక్కనున్న ఒకావిడ తలగుడ్డ కొసని నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంది. శవం ముందు నవ్వడం తప్పని నాకనిపించలేదు. మూడు రోజులు ఏడ్చినవాళ్ళకి నవ్వు ఎక్కడైనా దొరికితే దొరకనీ. కానీ ఆ నవ్వు నేను ఎరుగుదును. పోయిన ఏప్రిల్‌లో ఆ గదిలో విన్నాను. నాలుగు గోడల మధ్య అందరూ నవ్వారు, నవ్వుతూనే బురుల్ ఇంటికెళ్ళింది, నవ్వుతూనే నేను రాశాను.

"మైల కాదు అపా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "రక్తం. ఇది రక్తం."

శాకిన్ అపా చేతులు గాల్లోనే ఆగాయి.

"బురుల్ ఎజేకి కూడా రక్తమే. నాలుగేళ్ళు ఆగాక వచ్చింది. తను నాకు చెప్పింది. నేను డాక్టరుకి నెలసరి అని చెప్పాను. ఆయన నవ్వాడు. కార్డు మీద క్లిమాక్స్ అని రాసింది ఈ చెయ్యే."

గిన్నెల్లోంచి ఆవిరి లేస్తోంది. బయట మగవాళ్ళ ఏడుపు ఆగి, మళ్ళీ మొదలైంది. చోల్పొన్ చెంబుని రెండు చేతులతో పట్టుకుంది.

"రాసింది నువ్వా, అత్తా?"

"నేనే."

"నేను వచ్చి నీ దగ్గర ఏడిస్తే, నా వీపు నిమిరావు."

"అవును."

ఆ పిల్ల నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "బయటికి వెళ్ళు," అంది. "మా అమ్మని ముట్టుకోకు."

వెళ్ళాను. గుడారం వెనక కట్టెల మోపు మీద కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. లోపల నీళ్ళు పోస్తున్న చప్పుడు మొదలైంది, నెమ్మదిగా, ఆగి ఆగి. కాసేపటికి మా అత్తగారు బయటికొచ్చింది. కడగడం మధ్యలో వదిలేసి వచ్చేసింది, అలా ఎవరూ రారు. నా ముందు నిలబడి తల వంచి అడిగింది.

"ఎంత ఉంది?"

నేను అరచెయ్యి తెరిచి చూపించాను. ఆవిడ ఆ చేతిని చాలాసేపు చూసింది.

"టీ కాదన్నమాట," అంది.

ఏడుపు అప్పుడొచ్చింది నాకు. మూడు రోజులుగా బురుల్ కోసం రాని ఏడుపు, ఐదు వారాలుగా నా కోసం రాని ఏడుపు. భయంగా ఉంది అపా, చచ్చేంత భయంగా ఉంది అన్నాను. ఆవిడకి సగం చెవులు, విన్నదో లేదో గాని నా తలని తన కడుపుకి ఆనించుకుంది. "ఓమూర్‌తో నేను మాట్లాడతాను. రేపు నిన్ను నరిన్ తీసుకెళ్తాడు. ఇంకో మాట మాట్లాడితే వాడి బండి తాళాలు పొయ్యిలో పడేస్తాను."

"డాక్టరు కాగితం కావాలి అపా. ఇక్కడి నుంచి రాసిస్తేనే అక్కడ పరీక్ష చేస్తారు."

"మరి రాయించుకో. రాసేది నువ్వే కదే?"

లోపలికి వెళ్తూ ఆవిడ, నవ్వు ఆపుకోవడానికి గుడ్డ నోట్లో కుక్కుకున్న మనిషికి ఎదురుపడింది. ఆమె నా దగ్గరికి వచ్చి కట్టెలు చూస్తున్నట్టు నిలబడింది. "రైకాన్," అంది, తలగుడ్డ సర్దుకుంటూ. "ఒకే ఒక్కసారి వచ్చి ఆగిపోతే? అది కూడా లెక్కేనా?"

"లెక్కే," అన్నాను.

ఆమె మొహం నేను మర్చిపోలేను. ఇంటికెళ్ళినప్పుడు నా మొహం ఓమూర్‌కి ఎలా కనపడిందో అప్పుడు తెలిసింది.

మర్నాడు ఆస్పత్రికి అందరికంటే ముందు వెళ్ళాను. బీరువా తెరిచి నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టాను. నా కార్డు తీశాను. బురుల్ కార్డు కూడా తీశాను. ఆ గుండ్రని అక్షరాల వంక చూడటానికి నాకు కొంత ధైర్యం కావాల్సి వచ్చింది. తర్వాత నా కార్డు మీద రాశాను. రాత బాగా రాలేదు. రాజధానిలో వాడే పెద్ద మాటలు వెతకలేదు. జరిగింది జరిగినట్టు రాశాను, కింద నరిన్‌కి పంపే కాగితం కూడా నింపాను.

ఎర్కిన్ కదిరోవిచ్ ఎనిమిదిన్నరకి వచ్చాడు. ఆయన నేను రాసినవి ఎప్పుడూ చదవడు, నా మీద నమ్మకం. పొద్దున్నే కుప్పగా పెడితే, ఫోను మాట్లాడుతూ కింద సంతకాలు పెట్టుకుంటూ పోతాడు. ఆ రోజు కూడా పెన్ను తీశాడు. నేను నోరు మూసుకుని ఉంటే చాలు, సంతకం పడిపోయేది, మధ్యాహ్నానికి నరిన్ దారిలో ఉండేదాన్ని. ఆ సులువు నన్ను ఎంత లాగిందో నాకే తెలుసు. నా చెయ్యి కాగితం మీద పెట్టాను.

"చదివి పెట్టండి."

ఆయన ఆశ్చర్యంగా చూసి చదివాడు. చదువుతుంటే నవ్వు మొహం మెల్లగా మారింది.

"రెండేళ్ళా? ఆ రోజు టీ ఇస్తూ మీరు రెండేళ్ళని చెప్పలేదు."

"చెప్పలేదు. నెలసరి అన్నాను. మీరు అడగలేదు." బురుల్ కార్డు ఆయన ముందుకి జరిపాను. "ఆవిడకి నాలుగేళ్ళు. అదీ నేను చెప్పలేదు. మీరూ అడగలేదు."

ఆయన కార్డు చూశాడు. కింద తన సంతకం చూసుకున్నాడు. కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. నరిన్ కాగితం మీద సంతకం పెట్టి, ఎన్నడూ చెయ్యనిది, ముద్ర కూడా తానే వేశాడు. తర్వాత నా కార్డు మీద కూడా పెన్ను పెట్టి ఆగాడు. చివరి వరస దగ్గర.

"రైకాన్, ఇదొకటి కొట్టెయ్యండి. 'భయంగా ఉంది' ఏమిటి? ఇది వైద్యం మాట కాదు, కార్డుల్లో ఇలాంటివి రాయరు. ఇది రాయమని ఎవరు చెప్పారు?"

వరండాలో ఆడవాళ్ళు వచ్చి కూర్చుంటున్న చప్పుడు వినిపిస్తోంది. 

"పేషెంటు చెప్పింది," అన్నాను. "నేను రాశాను."